రాక్షసి ప్రతిధ్వని

కోడలు పిల్లల ఆడియో కథలు రికార్డు చేస్తుంది. ఇంటి వెనక గదినే స్టూడియోగా మార్చుకుంది. గోడలనిండా స్పాంజి పలకలు, కిటికీకి దుప్పటి, మధ్యలో మైకు. ఈసారి కథలో గుహలో ఉండే రాక్షసి ఒకటి ఉంది. ఆ పాత్రకు ఒప్పుకున్న నటి జలుబు చేసి రాలేనంది. అత్తగారు డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన మనిషి. చంకలో రాక్షసిని పెట్టుకుని ఊరంతా వెతుకుతావేమని కోడల్ని చూసి భర్త నవ్వాడు. అత్తగారు కోపం తెచ్చుకోలేదు, కళ్లజోడు తెచ్చుకున్నారు.

తీరా మైకు ముందు నిలబడ్డాక రెండు కేకలేసి ఆపేశారు. మైదానంలో కేకేస్తే ఎదుటి మేడ నుంచి తన గొంతు తనకే తిరిగి వినిపించేదట. ఇక్కడ దిండులో మొహం పెట్టి అరిచినట్టుందని ఆవిడ విసుక్కున్నారు.

కోడలు హెడ్‌ఫోన్లలో ప్రతిధ్వని కలిపి వినిపించింది. దాన్ని పెంచే గుండ్రటి మీట ఆవిడ చేతికే ఇచ్చింది. అంతే, అత్తగారి వెన్ను నిటారైంది. మామూలు మాటలకు మీట తగ్గించి, "ఎవర్రా నా గుహలోకొచ్చింది" అనే చోట చివరి అక్షరం మీద గిర్రున తిప్పారు. ఆ మాట సుడి తిరుగుతూ దూరంగా పోయింది.

కోడలు ఆపించి, సాఫ్ట్‌వేర్‌లో ఇంకో ట్రాక్ తెరిచింది. వట్టి గొంతు ఒక ట్రాక్‌లోకి, ప్రతిధ్వని మాత్రం రెండోదానిలోకి వెళ్లేలా అమర్చింది. ఈ వేరు కాపురం ఎందుకని అత్తగారు అడిగారు.

"రెండూ కలిపేస్తే పాలల్లో నీళ్లే అత్తయ్యా, తర్వాత విడదీయలేం. గొంతొక్కటే ఉంచుకుందామంటే, మీరు తిప్పిన తీరు మళ్లీ రాదు." అలాగే మొదట్నుంచి మళ్లీ రికార్డు చేశారు.

కథలు చేయించే ఆవిడ విని మర్నాడు ఫోన్ చేసింది. వాళ్ల పాప జడుసుకుని బల్ల కింద దూరిందట, ప్రతిధ్వని తీసేయమంది. కోడలు రెండో ట్రాక్ నోరు మూసి మళ్లీ పంపింది. అందులో తన ఇంటికి ఎవరొచ్చారో అడుగుతున్న ఒంటరి ముసలిది మిగిలింది. ఇలాంటి రాక్షసే కావాలని కథలు చేయించే ఆవిడ సంబరపడింది.

అత్తగారికి చెప్పకుండా దాచడం కోడలికి ఇష్టం లేకపోయింది. కూర్చోబెట్టి వినిపించింది. ఆవిడ మొహం చిన్నబోయింది.

"ఇది రాక్షసేంటి, మోకాళ్ల నొప్పుల ముసలమ్మ. నేను తిప్పిందంతా బూడిదలో పోసిన పన్నీరేనా?"

కోడలు ఈసారి గొంతు ట్రాక్ మూసి, రెండోది ఒక్కటే పెట్టింది. మాటలు తెలియడం లేదు. ఏదో పెద్ద ఊపిరి లేస్తూ, అణుగుతూ, చీకట్లోకి జారిపోతోంది. అత్తగారు కుర్చీ ముందుకు లాక్కున్నారు. మళ్లీ పెట్టమన్నారు.

పిల్లలు గుహలోకి అడుగుపెట్టే చోట, రాక్షసి కనబడకముందు, ఆ ఊపిరిని సన్నగా వాడుకుంటానని కోడలు కథలు చేయించే ఆవిడను ఫోన్‌లో అడిగింది. పాపకి ముందు వినిపించి చెబుతానని అటువైపు నుంచి జవాబు. సాయంత్రానికి సరేనంది.

కథ బయటికొచ్చాక ఇంట్లో అందరూ కలిసి విన్నారు. గుహ దగ్గర అత్తగారు అందర్నీ మాట్లాడొద్దని సైగ చేశారు. రాక్షసి మాట్లాడటం మొదలవగానే మాత్రం, పొయ్యి మీద ఏదో ఉందని వంటింట్లోకి వెళ్లిపోయారు. పొయ్యి మీద ఏమీ లేదు.