రెండంగుళాలు వదలని చొక్కా

ఆ వీధిలో దర్జీని దర్జీ అని ఎవరూ అనరు. రెండంగుళాలాయన అంటారు. ముప్పై ఏళ్ళుగా బడిపిల్లల బట్టలు కుట్టీ కుట్టీ, ఏ ఒంటిని చూసినా 'ఇది ఇంకా పెరుగుతుంది' అనుకునే జబ్బు పట్టుకుంది అతనికి. ఎవరి కొలత తీసుకున్నా పైన రెండంగుళాలు వదలందే కత్తెర కదలదు. అలా కుట్టిన చొక్కాతో ఒకటో తరగతిలో చేరిన కుర్రాడొకడు, అదే చొక్కాతో పెళ్ళిపీటలెక్కాడని చెప్పుకుంటారు. నిజమో కాదో ఆ కుర్రాణ్ణే అడుగుదామంటే, చొక్కాలో ఎక్కడున్నాడో ఇంకా వెతుకుతున్నారట.

దర్జీకి ఒక భార్య, ఒక కుట్టుమిషను, ఒక కుక్క. కుక్క పేరు మేస్త్రి. ఏ పనీ చెయ్యడు, పనిచేసేవాళ్ళని చూస్తూ పడుకుంటాడు కాబట్టి ఆ పేరు దర్జీ భార్యే పెట్టింది. పన్నెండేళ్ళుగా మిషను కిందే వాడి నివాసం. మిషను ఆగితే తలెత్తి చూస్తాడు. ఆ చూపుకి భయపడి దర్జీ మంచినీళ్ళు కూడా గబగబా తాగేవాడు.

ఆ ఏడు మేస్త్రి వెనక తొడ మీద నిమ్మకాయంత గడ్డ లేచింది. పశువుల డాక్టరు చూసి, కోసి తీసెయ్యాల్సిందేనన్నాడు. తీశాడు. పది కుట్లు పడ్డాయి.

"పది రోజులు వీడి నోరు ఈ కుట్లకి తగలకూడదు బాబాయ్," అన్నాడు డాక్టరు. అతను చిన్నప్పుడు వేసుకున్న నిక్కర్లు ఈ దర్జీ చేతివే.

దర్జీ కళ్ళజోడు సవరించుకుని వంగి చూశాడు. "ఇదేం కుట్టు నాయనా? నా కచ్చాకుట్టు కూడా ఇంతకంటే దగ్గరగా ఉంటుంది."

"మీ బట్ట కదలదు బాబాయ్. నా బట్ట కరుస్తుంది."

దర్జీ మేస్త్రిని భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు.

చిక్కేమిటంటే, కుట్లు విప్పే రోజూ బడి తెరిచే రోజూ ఒకటే అయ్యాయి. బడివాళ్ళవి నూట నలభై జతలు కుట్టాలి. ముందుగదిలో నేల కనబడదు, గోడ కనబడదు. తెల్లచొక్కాలు తాళ్ళకి వేలాడుతుంటే, ఊరందరి పిల్లలూ లోపల లేకుండా వచ్చి నిలబడ్డట్టు ఉంది. ఆ గదిలోకి, నోరు కుట్లకి అందకుండా డాక్టరు మెడకి కట్టిన ప్లాస్టిక్ గరాటుతో మేస్త్రి అడుగుపెట్టాడు. గరాటు తగిలి తాడు తెగింది, ఇస్త్రీ చేసిన ఇరవై చొక్కాలు వాడి నెత్తిన పడ్డాయి. బెదిరి, వాటిని ఈడ్చుకుంటూ వీధిలోకి పరిగెత్తాడు.

"వాడికి గరాటు వద్దండీ, చొక్కా కుట్టండి," అంది భార్య, దుమ్ము దులుపుతూ. "తొడల దాకా వచ్చేటట్టు. కుట్లు కనబడకపోతే వాటి సంగతే మరిచిపోతాడు."

దర్జీ టేపు తీశాడు. మెడ, ఛాతీ, వీపు, తొడ అన్నీ కొలిచాడు. మిగిలిన తెల్లగుడ్డతో గంటలో చొక్కా అయింది. మేస్త్రికి తొడిగి, వీపు మీద బొత్తాలు పెట్టి, వెనక్కి జరిగి చూసుకుని మురిసిపోయాడు. మేస్త్రి పాఠం అప్పజెప్పడానికి లేచిన పిల్లాడిలా నిలబడ్డాడు.

మర్నాడు భార్యాభర్తలిద్దరూ కాలర్ల లెక్క చూసుకుంటుండగా మిషను కింద చప్పరింపు వినబడింది. వంగి చూస్తే, మేస్త్రి చొక్కాలోపలే వెనక్కి తిరిగి ఉన్నాడు. చొక్కా ముందుకి, కుక్క వెనక్కి. రెండు కుట్లు ఊడి వచ్చాయి. నెత్తురు.

భార్య చొక్కా విప్పి, నడుము దగ్గర పట్టుకుని సాగదీసింది. బట్ట ఎందుకు మిగిలిందో ఆమెకి చెప్పక్కర్లేదు.

"రెండంగుళాలు వదిలారా?"

దర్జీ కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"పన్నెండేళ్ళ ముసలాడండీ వాడు! ఇంకా ఎంత పెరుగుతాడని?"

డాక్టరు తిమ్మిరి మందు పెట్టి రెండు కుట్లూ మళ్ళీ వేశాడు. ఈసారి వేళాకోళమాడలేదు.

"పై కుట్లు కాబట్టి సరిపోయింది బాబాయ్. మళ్ళీ లాగాడంటే లోపలివి కూడా తెగుతాయి. అప్పుడు పూర్తి మత్తు ఇవ్వాలి. ఈ వయసులో మత్తు ఇస్తే లేస్తాడని నేను మాటివ్వలేను."

ఇంటికొచ్చి దర్జీ మళ్ళీ బట్ట పరిచాడు. కొలతకి సరిగ్గా సుద్దగీత గీశాడు. కత్తెర పట్టాడు. కత్తెర గీతని చూసి, పలకరించి, రెండంగుళాలు అవతలికి పోయింది. ఇంకో గుడ్డ పరిచాడు. మళ్ళీ అంతే. మూడోసారి చెయ్యి బిగబట్టి, పళ్ళు బిగబట్టి, చెమటలు కక్కుతూ కోశాడు. అంగుళన్నర తేడా. ముప్పై ఏళ్ళ చెయ్యి, ఒక్కరోజులో మాట వింటుందా? కత్తెర బల్ల మీద పెట్టేసి, తల పట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు.

భార్య బొత్తాల డబ్బా పక్కన పెట్టి లేచింది. ముప్పై ఏళ్ళుగా ఆమె కాజాలు కుట్టింది, బొత్తాలు వేసింది, మడతలు పెట్టింది. కత్తెర మాత్రం ముట్టుకోలేదు. అతని పక్కనించి తీసుకుని గీత మీదే పెట్టింది.

"కొంచెం వదలవే," అన్నాడు దర్జీ, ఉండబట్టలేక. "బిగుతైపోతుంది."

"వాడు పెరగక్కర్లేదండీ," అంది ఆమె, తలెత్తకుండానే. "ఉంటే చాలు."

గీత మీద గీతలాగే కోసింది. దర్జీ నోరు మూసుకుని కుట్టాడు. ఆ చొక్కా మేస్త్రికి తొక్కలా అతుక్కుంది. వాడు వెనక్కి తిరగబోయి, తిరగలేక, దర్జీ వంక చూసి పెద్దగా నిట్టూర్చాడు.

అయినా దర్జీకి నమ్మకం చిక్కలేదు. ఆ రోజునుంచి మిషను కుడికాలితో తొక్కుతూ, ఎడమకాలు మేస్త్రి వీపు మీద ఆనించి కూర్చునేవాడు. వాడి మెడ అంగుళం కదిలినా అరికాలికి తెలిసిపోయేది. "ఊఁ" అనేవాడు. మెడ మళ్ళీ యథాస్థానం. ఒంటికాలి మిషను నత్తతో పందెం వేసుకున్నట్టు నడిచేది.

మాత్రల సంగతి చెప్పాలంటే అదొక పురాణం. ఉడకబెట్టిన గుడ్డులో మాత్ర దాచి పెడితే, మేస్త్రి గుడ్డు తిని, మాత్రని శుభ్రంగా నాకి నేలమీద పెట్టేవాడు. ఒకరోజు ఆ మాత్ర దర్జీ భార్య కంటబడింది. తెల్లగా, గుండ్రంగా ఉంది. బొత్తాం జారిపడిందనుకుని డబ్బాలో వేసుకుంది. మధ్యాహ్నం సూదికి దారం ఎక్కించి, దాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ విసుక్కుంది.

"ఏమండీ, ఈ బొత్తాలవాడు మోసం చేశాడు. దీనికి కన్నాల్లేవు!"

"ఏదీ... ఓసి నీ దుంప తెగ, అది పొద్దుటి మాత్రే!"

మేస్త్రి ఈ సంభాషణకీ తనకీ సంబంధం లేనట్టు కళ్ళు మూసుకున్నాడు. అప్పట్నుంచి మాత్రలు నూరి పాలల్లో కలిపారు. ఆ పాలు తాగేటప్పుడు వాడు పెట్టిన మొహం చూస్తే మాత్రం తల ప్రాణం తోకకి వచ్చేది, ఎవరి తోకకో చెప్పక్కర్లేదు.

ఎనిమిదో రోజు బడి పెద్ద టీచరమ్మ వచ్చింది. ఆమె గుమ్మంలో నిలబడితే గోడగడియారం కూడా సర్దుకుంటుంది.

"ఎన్ని జతలయ్యాయి దర్జీ గారూ?"

"తొంభై ఐదు అమ్మగారూ."

"ఇంకో రెండు రోజులే ఉన్నాయి. ఆ ఒంటికాలి తొక్కుడేమిటి? రెండో కాలికేమైంది?"

"అది డ్యూటీలో ఉందండీ."

టీచరమ్మ వంగి మిషను కిందకి చూసింది. తెల్లచొక్కా, వీపు మీద ఆరు బొత్తాలు, దానిమీద దర్జీ పాదం. దర్జీ భార్య జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. రెండంగుళాల దగ్గర కాస్త ఎక్కువే చెప్పింది. అంతా విని టీచరమ్మ చెప్పులు విప్పి, స్టూలు లాక్కుని మిషను పక్కన కూర్చుంది.

"తియ్యండి మీ కాలు. గంటసేపు నేను చూసుకుంటాను. నూట నలభై మందిని కదలకుండా కూర్చోబెట్టేదాన్ని, వీడొక్కడు నాకొక లెక్కా?"

దర్జీ రెండు కాళ్ళతో మిషను తొక్కాడు. ఆ వేగానికి పక్కింటి కిటికీ తలుపులు కొట్టుకున్నాయంటారు. మేస్త్రి గంటసేపూ కుట్లని వదిలేసి టీచరమ్మ పాదం నాకాడు. ఆవిడ మొహం బిగించి కూర్చోవాలని శతవిధాలా చూసింది కానీ, చక్కిలిగింత ముందు పెద్ద టీచరేమిటి, చిన్న టీచరేమిటి! మర్నాడు కూడా వచ్చింది, పిలవకుండానే.

పదో రోజు పొద్దున్నే భార్య నూట నలభై జతల మూటలన్నీ బండికెత్తించి బడికి పోయింది. వేసి చూసి సరిచెయ్యడానికి దర్జీ టేపుతో వెనకే రావాలి. అతను ముందు మేస్త్రిని ఎత్తుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాడు.

డాక్టరు చొక్కా బొత్తాలు విప్పాడు. దర్జీ గోడ మీది క్యాలెండరు వంక చూస్తూ నిలబడ్డాడు. అందులో ఏ నెల ఉందో అతనికి కనబడలేదు. కత్తెర టక్ మన్నప్పుడల్లా ఒక వేలు మడిచాడు. పదిసార్లు టక్ మంది.

"గట్టిగా అతుక్కుంది బాబాయ్. ఇంక ఎత్తుకోకండి, నడిపించండి. నడవడమే మందు."

వీధిలో కిందకి దించాడు. పది రోజుల తరవాత మేస్త్రి నాలుగు కాళ్ళూ దారి మీద పడ్డాయి. కాసేపు నిలబడి గాలి పీల్చాడు. కుంటుతూ మొదటి దీపస్తంభం దాకా నడిచాడు, తీరిగ్గా వాసన చూశాడు, పది రోజుల బాకీ వార్తలన్నీ చదివాడు. ఆ తరవాత, ఆపరేషనైన కాలే ఎత్తాడు. కాలు వణికింది కానీ నిలిచింది. దర్జీ చుట్టూ ఎవరూ లేరని చూసుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

ఫోను మోగింది. టీచరమ్మ.

"ఎక్కడున్నారండీ? పిల్లలు వరసలో నిలబడ్డారు. చేతులు కనబడ్డం లేదు ఒక్కడికీ!"

"దార్లోనే ఉన్నానండీ. కుట్లు విప్పేశారు. వాడే నడుస్తున్నాడు."

"అమ్మయ్య! ఎంతసేపట్లో వస్తారు?"

దర్జీ చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని వీధి చివరిదాకా చూశాడు. "ఇంకా ఆరు స్తంభాలున్నాయండీ."

"మరి గోడలు?"

"ఒకటుందండీ. పెద్దదే."

"సరే, తొందరపెట్టకండి," అంది టీచరమ్మ. "ఈలోగా ప్రార్థన ఇంకోసారి పాడిస్తాను."