మోగితే ఎత్తకూడదు

ఆ కంప్యూటర్‌ను పొద్దుటినుంచీ నేను తిట్టని తిట్టు లేదు. తళి రైతుల సంఘం ఆఫీసులో, ఉర్లగడ్డల మూటల పక్కన, బల్ల మీద అది మహారాజులా కూర్చుని ఉంటుంది. హోసూరులో నేను పనిచేసే కంపెనీ తరఫున దాన్ని బిగించింది నేనే. అందుకని అది మొండికేసినప్పుడల్లా చలిలో వణుక్కుంటూ బస్సెక్కి రావలసిందీ నేనే. మాది పుంగనూరు. ఇంత చలి నా ఒంటికి పడదు, ఆ మాట చెబితే తళి వాళ్లు నవ్వుతారు.

జవళగిరి అడవి అంచున స్తంభాల మీద కెమెరాలు ఉన్నాయి. చీకట్లో కూడా ఒంటి వేడిని బట్టి చూసే కెమెరాలు. వాటి బొమ్మలన్నీ ఈ కంప్యూటర్‌లోకి వస్తాయి. రాగి కంకులు ముదిరే వేళకు ఏనుగులు దిగుతాయి కదా, అవి కనిపించగానే ఇది పసిగట్టి, ఆఫీసు ఫోన్ నుంచి రైతులకు తనే ఫోన్లు చేస్తుంది. ఎత్తితే వినడానికి ఏమీ ఉండదు, దానికి మాటలు రావు. పైగా ఒకరు ఎత్తి హలో హలో అంటూ కూర్చుంటే తర్వాతివాడికి మోగడం ఆలస్యమవుతుంది. అందుకే సంఘం కార్యదర్శి రఘునాథ్ ఊరికి ఒక కట్టుబాటు పెట్టాడు. ఆఫీసు నంబరు మోగితే ఎత్తకూడదు. మోగిందంటే ఏనుగు వచ్చినట్టే. వెంటనే ఫోన్‌ను సైలెంటులో పెట్టి, చప్పుడు చేయకుండా, కాలువ గట్టు మీదుగా ఇల్లు చేరాలి. మొదట్లో ఒకరిద్దరు ఎత్తితే వాళ్లను నలుగురిలో నిలబెట్టి కడిగేశాడు. ఇప్పుడు ఆ ఊళ్లో బడిపిల్లలను అడిగినా ఈ కట్టు చెబుతారు.

ఈసారి వచ్చిన తెగులు ఏమిటంటే, వారం నుంచి కంప్యూటర్ ఉన్నట్టుండి బిగుసుకుపోతోంది. బొమ్మ కదలదు, ఫోన్లు వెళ్లవు. కారణం నాకు చూడగానే తెలిసింది. కెమెరా బొమ్మలను చూసే గ్రాఫిక్స్ కార్డుతో కంప్యూటర్ మాట్లాడాలంటే డ్రైవర్ అనే ప్రోగ్రాం కావాలి. ఈ కంప్యూటర్‌ను నడిపే లినక్స్‌తో పాటు నూవో అనే డ్రైవర్ ఊరికే వస్తుంది. తెర మీద నాలుగు అక్షరాలు చూపించడానికి అది చాలు. ఏనుగును ఆగకుండా గుర్తుపట్టాలంటే మాత్రం కార్డు చేసినవాళ్ల సొంత డ్రైవర్ ఉండాలి, లేకపోతే కాసేపు నడిచి బిగుసుకుంటుంది. వారం కిందట ఎవరో అప్‌డేట్ నొక్కారు. ఎవరో ఏమిటి, రఘునాథే. దాంతో నూవో వచ్చి కుర్చీ ఆక్రమించింది, అసలు డ్రైవర్ గుమ్మం బయట నిలబడింది.

"నూవోని లేకుండా చేసి, దీన్ని ఆపి మళ్లీ లేపల్లప్పా. ఆ సేపు మీ కెమెరాలు గుడ్డివే," అన్నాను.

"చెయ్యి నాగవేణమ్మా, ఎవరు వద్దన్నారు? అవి దిగేది పొద్దు మునిగినాకనే కదా," అన్నాడు రఘునాథ్.

చేద్దామని కూర్చున్నానో లేదో కరెంటు పోయింది. మధ్యాహ్నం దాటినా రాలేదు. యూపీఎస్ ఎప్పుడో చచ్చింది, మార్చమని నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా మార్చలేదు. కరెంటు వచ్చేసరికి పొద్దు వాలి, కిటికీ బయట మంచు దిగుతోంది. నాకు మనసొప్పలేదు.

"ఈ పూట వద్దు. రాత్రికి ఈడనే ఉండి రేపు తెల్లారి చేస్తా."

"రాత్రి మళ్లీ బిగుసుకుంటే? అందరికీ కోతలైపోయినాయి, చేనుకాడ ఉండేది లింగప్పే. ఆయన చేను అడవి కొసన ఉండాది. ఈ మిషన్‌ని నమ్ముకొనే మంచె మీద నిద్రపోతా ఉండాడు. ఆయనకేమన్నా అయితే నువ్వు జవాబు చెప్తావా?"

లింగప్ప నాకు తెలుసు. అరవై దాటిన మనిషి, మోకాళ్లు పట్టేసి మెల్లగా నడుస్తాడు. ఆయన పేరు చెప్పగానే నేను మెత్తబడ్డాను. ఆ మాటకే మెత్తబడతానని రఘునాథ్‌కు తెలుసు.

నూవోను ఎక్కించవద్దని ఒక ఫైలులో రెండు వరుసలు రాశాను. కంప్యూటర్ లేవగానే చదువుకునే ఇమేజ్ అనే ఫైలును మళ్లీ కట్టాను. రీస్టార్ట్ నొక్కాను. ఫ్యాన్లు తిరిగాయి, కంపెనీ గుర్తు వచ్చి పోయింది. ఆ తర్వాత తెర నల్లబడింది. ఎంతసేపు చూసినా అంతే. ఏం జరిగిందో అర్థమై నాకు ఒళ్లు మండింది. అప్‌డేట్‌లో లినక్స్‌కు గుండెకాయలాంటి కెర్నెల్ కూడా మారిపోయింది, అసలు డ్రైవర్‌ను కొత్త కెర్నెల్‌కు తగ్గట్టు ఎవరూ కట్టలేదు. ఉన్నదాన్ని నేను వెళ్లగొట్టాను, రావలసింది రాలేదు. ముందు అది చూసుకుని తర్వాత ఇది చేయాల్సింది. తొందరలో తలకిందులు చేశాను.

"ఏమైందమ్మా?"

"గుడ్డిదైపోయింది. బాగుచేస్తా, టైము పడుతుంది. లింగప్పకు చెప్పు, ఈ పూట మిషన్ లేదు, మంచె మీదనే మేలుకొని ఉండమని చెప్పు. దిగొద్దని చెప్పు."

రఘునాథ్ సెల్లు చార్జి లేక ఆరిపోయి ఉంది. బల్ల మీదున్న ఫోన్ తీసి లింగప్పకు కలిపాడు. నేను లాప్‌టాప్ తెరిచి నెట్‌వర్క్ కేబుల్ వెతుక్కుంటున్నాను. "ఎత్తడం లేదే," అని మళ్లీ కలిపాడు. మళ్లీ ఎత్తలేదు. "ఈ ముసలాయనకు ఎన్నిసార్లు చెప్పినా అంతే," అని గొణుగుతూ మూడోసారి కలిపాడు.

నేను తలెత్తి చూశాను. అతని చెవి దగ్గరున్నది కంప్యూటర్‌కు తీగతో కట్టి ఉన్న ఆఫీసు ఫోన్.

"రఘునాథప్పా, నువ్వు చేసింది యాడినుంచి?"

అతను చేతిలోని ఫోన్ వైపు చూసుకున్నాడు. కట్టు పెట్టింది తనే, ఎత్తినవాళ్లను కడిగేసింది తనే. లింగప్ప ఎత్తడు. సైలెంటులో పెట్టి మంచె దిగి ఉంటాడు. ఎత్తున భద్రంగా ఉన్న మనిషిని పిలిచి నేల మీదికి దింపాం, అదీ మంచులో, ఆ మోకాళ్లతో, ఏనుగులు ఎటున్నాయో మాకే తెలియనప్పుడు. నా సెల్లు నుంచి చేశాను. మోగి మోగి ఆగిపోయింది. సైలెంటులో ఉన్న ఫోన్ ఎవరు ఎత్తుతారు?

"నేను పోతా," అని రఘునాథ్ బండి తాళాలు అందుకున్నాడు.

"కాలువ గట్టు మీద హారన్ కొట్టొద్దు," అన్నాను. బండి శబ్దం దూరమైపోయింది.

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పనిచేశాను. తెర నల్లగా ఉందే కానీ లోపల ప్రాణం ఉంటుందని నాకు ఆశ. కేబుల్ పెట్టి లాప్‌టాప్ నుంచి లాగిన్ కొడితే, ఆ మాయదారి కంప్యూటర్ బుద్ధిగా పాస్‌వర్డ్ అడిగింది. కొత్త కెర్నెల్‌కు కావలసిన ఫైళ్లు దించుకోవాలి. తళిలో నెట్ సంగతి చెప్పనక్కర్లేదు. గీత కొంచెం జరుగుతుంది, ఆగుతుంది, మళ్లీ జరుగుతుంది. ఆ గీతను చూస్తూ నేను ఎన్ని దేవుళ్లకు మొక్కానో నాకే తెలియదు. లింగప్ప మొహమే కళ్లముందు ఆడుతోంది. పోయినసారి వచ్చినప్పుడు ఆయన నాకు చెరుకు ముక్కలు కొట్టి ఇచ్చాడు.

చివరికి డ్రైవర్ కట్టుకుంది. రీస్టార్ట్ చేశాను. ఈసారి తెర వెలిగింది, ఒక్కో కెమెరా కళ్లు తెరిచింది. అడవి కొసన ఉన్న కెమెరాలో లింగప్ప చేను. చేను నిండా తెల్లగా వెలిగే పెద్ద ఒళ్లు. మంచె ఉండాల్సిన చోట రెండు ఏనుగులు తోసుకుంటున్నాయి. ఆ చోట మనిషి ఉన్నాడో లేడో కనపడలేదు. బల్ల మీది ఫోన్ తనంతట తనే వెలిగి, వరసగా అందరికీ మోగించడం మొదలుపెట్టింది.

బండి వచ్చి ఆగింది. వెనక సీటు మీద కంబళి కప్పుకుని లింగప్ప. నేను పరుగెత్తి వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాను. కళ్లనీళ్లు ఆగలేదు.

"ఏడ్చేదెందుకమ్మా? ఫోన్ మోగి జేబులో అదిరినప్పుడే దిగినా. కాలువ దాటినానో లేదో, వెనకాల మంచె ఫెళఫెళమని విరిగింది," అన్నాడు లింగప్ప. "రవంత ఆలస్యమై ఉంటే ఈపాటికి నేను లేను. మీ మిషన్ నా ప్రాణం కాపాడింది."

నేను రఘునాథ్ వైపు చూశాను. అతను చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆ సంజ్ఞ లింగప్పకు కనపడలేదు. ప్రాణంతో తిరిగొచ్చిన మనిషికి నేనూ అసలు సంగతి చెప్పలేదు. ఆ రాత్రి రఘునాథ్ వాళ్లింట్లోనే పడుకున్నాను కానీ కన్ను మూతపడలేదు.

పొద్దున్నే చేను చూసి వచ్చాం. రాగి చేను నలిగి పేడ కలిసి ఉంది. మంచె కర్రలు పుల్లలు పుల్లలు. ఆయన పరుపు ఒకటి మట్టిలో తొక్కుడు పడి ఉంది.

మేము ఆఫీసు చేరేసరికి లింగప్ప భార్య కెంపమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. సంచి నిండా అనపకాయలు తెచ్చింది, కొంగులో కుంకుమ భరిణె. లోపలికి వచ్చి కంప్యూటర్‌కు దణ్ణం పెట్టి, దానికి బొట్టు పెట్టబోయింది.

"ఇంక మంచె కట్టేది లేదమ్మా," అన్నాడు లింగప్ప నాతో. "ఎక్కి దిగేదానికి మోకాళ్లు పట్టవు. మిగిలిన చేనుకాడ ఒక గుడిసె వేసుకొని కిందనే పడుకుంటా. అవి వచ్చేముందే నీ మిషన్ చెప్తుంది కదా, లేచి వచ్చేస్తా."

అడవి అంచున, నేల మీద, గడ్డి గుడిసెలో. నేను ఇంక ఓర్చుకోలేకపోయాను.

"కెంపమ్మా, బొట్టు పెట్టొద్దు," అన్నాను. రఘునాథ్ "నాగవేణమ్మా," అన్నాడు గట్టిగా. నేను ఆగలేదు. "లింగప్పా, నిన్న అది ఏనుగుల్ని చూడలేదు. నా తప్పు వల్ల అది అప్పుడు గుడ్డిదై ఉండె. నీకు మోగింది మిషన్ కాదు. దిగొద్దని చెప్పల్ల అని రఘునాథప్ప పొరపాటున ఆ ఫోన్ నుంచి చేసినాడు. అవి దారిలో ఉండి ఉంటే నిన్ను మేమే చంపినట్టు. దీన్ని నమ్మి కింద పడుకోవద్దు."

కెంపమ్మ వేలిమీది కుంకుమ వేలిమీదే ఉండిపోయింది. లింగప్ప కోప్పడతాడనుకున్నాను. కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"చెప్పినావు, మంచిది," అన్నాడు. "ఇప్పుడు ఒకటి చెప్పమ్మా. ఈ పొద్దు సాయంత్రం మోగితే, అది ఏనుగని నాకెట్ల తెలిసేది? నేను దిగల్లా, ఆడనే ఉండల్లా?"

"దిగల్ల," అన్నాడు రఘునాథ్.

"ఆడనే ఉండల్ల," అన్నాను నేను, అదే క్షణంలో.

లింగప్ప మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. జేబులోంచి ఫోన్ తీసి కెంపమ్మ చేతిలో పెట్టాడు. "ఇది ఇంట్లో ఉండనీ. మంచె మళ్లీ కడతా. మా నాయన చేసినట్లు చెవులతో వింటా," అన్నాడు. గుమ్మం దిగి, మోకాలి మీద చెయ్యి ఆనించుకుంటూ, చేను వైపు నడిచాడు.

కెంపమ్మ ఆ ఫోన్ వైపు చూసి, నా వైపు చూసింది. "ఆయనకు చెవులు సరిగా వినబడి ఏళ్లయిందమ్మా," అంది.