మూడు చేల కేక

బాలస్వామి మందు పంపు నాజిల్‌ను జేబులోంచి తీసి తూర్పు వెలుతురుకు ఎత్తి చూశాడు. ఇత్తడి మూతి నడుమ సూది మొనంత రంధ్రం. అందులోంచి ఆకాశం ఎర్రని చుక్కలా కనబడితే నలుసు లేనట్టు. కనబడింది. దాన్ని తువ్వాలు కొసతో తుడిచి చొక్కా జేబులో వేసుకున్నాడు. మందు పంపు వసారాలో మేకుకు వేలాడుతుంటుంది గానీ నాజిల్ ఎప్పుడూ ఆయన జేబులోనే ఉంటుంది. ఇవాళ మందు కొట్టే పని లేదు. ఆ సంగతి చేతులకు ఇంకా తెలియలేదు.

ఇవాళ నలుగురూ వనపర్తిలో రైతు మేళాకు పోతున్నారు. కొడుకు ప్రదీప్ పుణెలో సెంట్రింగ్ పని నుంచి వచ్చి పది రోజులైంది. కోడలు రోజా పెళ్లినాటి పట్టుచీర తీసి, మళ్లీ మడిచి పెట్టి, నూలు చీర కట్టుకుంది. ఐదేళ్ల మనవరాలు బుజ్జి రెండు జడలు వేయించుకుని ఆటో కోసం వాకిట్లో ఎదురు చూస్తోంది.

మేళాలో మహిళా సంఘాల వాళ్ల పేర్లతో చీటీలు తీస్తారట. పేరు వచ్చిన ఇద్దరికి మందు కొట్టే డ్రోన్ నేర్పించి, డ్రోన్ కూడా ఇస్తారట. రోజా పేరు అందులో ఉంది. అది వస్తే ప్రదీప్ ఆదివారం పుణె బస్సు ఎక్కనక్కరలేదు. పంపు మేకు దిగనక్కరలేదు. దాన్ని వీపుకెత్తుకోవద్దని దవాఖానలో డాక్టరు నిరుడే చెప్పాడు. చెప్పిన మర్నాడు కూడా బాలస్వామి కిష్టయ్య పల్లిచేనుకు మందు కొట్టి వచ్చాడు. ఆ ఆశను ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. ఆటోలో బుజ్జి ఒక్కతే అంది:

"మా అమ్మ ఇమానం నడుపుతది తాతా."

బాలస్వామిది ముప్పై ఏళ్ల పని. ఎడమ భుజం కుడి భుజం కన్నా రెండు వేళ్లు కిందికి దిగిపోయింది. రెండు భుజాల మీదా పంపు పట్టీలు నల్లగా అచ్చు పడ్డాయి. గోళ్లు పసుపు పచ్చన. మొదటి పదిహేనేళ్లు నాజిల్‌లో నలుసు పడితే అందరిలాగే నోటితో ఊదేవాడు. వద్దని చెప్పినవాళ్లు లేరు. ఇప్పుడు గుండుసూదితో తీస్తున్నాడు గానీ, అప్పటికే ఛాతీలో ఒక పిల్లనగ్రోవి వచ్చి చేరింది. నడిస్తే అది మోగుతుంది.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. పంపు ఎత్తుకునే ముందు గుప్పెడు దుమ్ము తీసి గాలిలోకి వదిలేవాడు. గాలి ఎటు పోతుందో చూసుకుని, అటు తిరిగి గొంతెత్తేవాడు. "మందు కొడుతున్నా... పక్కకు జరగండ్రో!" ఆ కేక మూడు చేలు దాటేది. కలుపు తీసే ఆడవాళ్లు చెట్టు కొమ్మకు కట్టిన ఉయ్యాలలు విప్పుకుని అవతలికి పోయేవారు. గొర్ల కాపర్లు మందను మళ్లించేవారు. ముప్పై ఏళ్లలో బాలస్వామి కొట్టిన మందుకు ఒక మేకపిల్ల కూడా చావలేదు. దానికి ఎవరూ శాలువా కప్పలేదు గానీ, ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఆయన నడుము కొంచెం నిటారుగా అయ్యేది. భార్య విజయమ్మ బావి నుంచి నీళ్లు తోడి పంపు నింపేది. ఆమెనూ గాలికి ఎదురువైపే నిలబెట్టేవాడు. అయినా మూడేళ్ల కింద ఆమె కడుపునొప్పని దవాఖానకు పోయి, మళ్లీ ఇంటికి రాలేదు.

ఆటో దిగిన చోటు నుంచి మేళా పందిరి దాకా ఆయన మూడుసార్లు ఆగవలసి వచ్చింది. ఆగిన ప్రతిసారీ రోజా కూడా వంగి బుజ్జి చెప్పు సరిచేసింది. మూడోసారి బుజ్జి, చెప్పు బాగానే ఉందని చెప్పినా సరిచేసింది.

పందిరి ముందు ఖాళీ స్థలంలో డ్రోన్‌ను బల్ల మీద పెట్టారు. ఆరు రెక్కలు, కింద తెల్లటి డబ్బా. దాని చుట్టూ చేరిన రైతుల్లోంచి కిష్టయ్య బాలస్వామిని చూసి నవ్వాడు.

"ఏందిరా బాలయ్యా, నీ సవతిని జూడనీకె వచ్చినవా?"

"సూస్తే తప్పేముంది పటేలా. అది దగ్గదు గదా."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బాలస్వామి కూడా నవ్వాడు. ఆ నవ్వు దగ్గుగా మారి, వేదిక ముందు ఆరుబయట వేసిన కుర్చీలో కూర్చునే దాకా వదలలేదు.

చీటీలు మధ్యాహ్నం భోజనాల తర్వాత తీస్తామన్నారు. పేరు మూడుసార్లు పిలుస్తారు, మనిషి వేదిక మీదికి రావాలి, రాకపోతే ఇంకో చీటీ తీస్తారు. బుజ్జి ఎద్దులు చూస్తానని ఏడుపు అందుకుంది. పోటీకి వచ్చిన ఎద్దుల్ని మైదానం అవతల కట్టేశారు. అక్కడ డప్పులు కూడా మోగుతున్నాయి, ఆ మోతలో మైకులో పిలిచే పేర్లు తెలియవు.

"మీరు పోండ్రి. పేరు పిలిస్తే నేను కేకేస్త. ఎంత దూరం, రెండు చేలంత లేదు" అన్నాడు బాలస్వామి. ఆయన దగ్గర ఫోను లేదు. కేక ఉండగా బాలయ్యకు ఫోనెందుకని ఊళ్లో అనేవారు.

రోజా కదలలేదు. "పానం మంచిగున్నదా మామా?"

"కూసున్నోనికి ఏమైతది బిడ్డా."

ముగ్గురూ వెళ్లారు. చీటీలు తీయడానికి వచ్చిన పెద్దమనిషికి ఇంకో ఊళ్లో కార్యక్రమం ఉందట. భోజనాలకు ముందే చీటీల డబ్బా తెచ్చారు. మొదటి చీటీ విప్పి మైకులో చదివారు:

"రోజా, భర్త పేరు ప్రదీప్, పెద్దమందడి మండలం."

బాలస్వామి లేచి నిలబడ్డాడు. మైదానం అవతల ప్రదీప్ నీలం చొక్కా, అతని భుజాల మీద బుజ్జి జడలు స్పష్టంగా కనబడుతున్నాయి. అటు తిరిగి ఊపిరి పీల్చాడు. ఊపిరి సగంలోనే ఆగిపోయింది. కేక రావలసిన చోట సన్నని ఈల వచ్చింది. మళ్లీ పిలిచారు. రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. వెనక వరుసలో ఎవరో, కనబడటం లేదు, కూర్చోమన్నారు. చప్పట్లు కొడుతున్నాడనుకుని ముందు వరుసలో ఇద్దరు కొట్టారు. పక్కనున్న మనిషి భుజం పట్టుకుని పెదవులు కదిపాడు. ఆ మనిషి మంచివాడు. వంగి, "నీళ్లు గావాల్నా పెద్దయ్యా?" అని తన సీసా మూత తీసి ఇచ్చాడు. మూడోసారి పిలిచారు. తర్వాత ఇంకో చీటీ విప్పిన చప్పుడు మైకులో వినబడింది.

వాళ్లు తిరిగి వచ్చేసరికి పేర్లు వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు దండలతో ఫొటో దిగుతున్నారు. బాలస్వామి దాచలేదు.

"నీ పేరే పిలిచిండ్రు బిడ్డా. ముందుగాల నీదే. నా గొంతు లేవలే."

రోజా వేదిక దగ్గరికి వెళ్లింది. అక్కడున్న అధికారిణి ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విని, చాలా బాధపడి, ఈసారికి ఏమీ చేయలేమని చెప్పి, ఒక కరపత్రం ఇచ్చింది. రోజా దాన్ని నాలుగు మడతలు పెట్టుకుంటూ వచ్చింది. ప్రదీప్ తండ్రి వైపు ఒకసారి చూసి, తల వంచుకుని ఫోనులో ఆదివారం బస్సు వెతకసాగాడు. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. అంటే బాగుండేదని బాలస్వామికి అనిపించింది.

రోజా ఆయన పక్క కుర్చీలో కూర్చుంది. "ఎద్దులు మంచిగున్నయి మామా. బుజ్జి ఒకదాని కొమ్ము ముట్టుకుంది" అంది. ఆ మాటకు ఆయన కళ్లు తడిశాయి.

అప్పుడు డ్రోన్ లేచింది. తుమ్మెదల మంద లేచినట్టు మోత. ముందు ఖాళీ స్థలం మీద తిరిగి, తర్వాత జనం మీదికి వచ్చింది. బాలస్వామి చేయి తనంతట తానే తువ్వాలును ముక్కుకూ నోటికీ చుట్టేసింది. పక్కకు జరగండని చెప్పబోయి సగం లేచాడు. మైకులో ఎవరో, భయపడకండి, ఉత్త మంచినీళ్లేనని చెబుతున్నారు. ఒక్కరూ కదలలేదు. పిల్లలు చేతులు చాపి గంతులేస్తున్నారు.

"ఉత్త నీళ్లే తాతా!" అంది బుజ్జి.

ఆయన మెల్లగా తువ్వాలు విప్పి ఒడిలో పెట్టుకున్నాడు. తల వెనక్కి వాల్చాడు. సన్నని తుంపర నుదుటి మీద, కనురెప్పల మీద, విప్పిన పెదవుల మీద పడింది. ఏ వాసనా లేదు. ముప్పై ఏళ్లలో మొదటిసారి ముఖం దాచుకోకుండా తుంపర కింద కూర్చున్నాడు.

"సల్లగున్నది బిడ్డా" అన్నాడు.

డ్రోన్ దిగింది. చప్పట్లు అయిపోయాయి. జనం కుర్చీలు జరుపుకుంటూ భోజనాల వైపు కదిలారు. బుజ్జి తాత చేయి పట్టుకుని లాగింది. చేయి వచ్చింది గానీ తాత రాలేదు. రోజా ఆయన ఛాతీ మీద అరచేయి ఆనించింది. అక్కడ పిల్లనగ్రోవి మోగడం లేదు. ఆమె బుజ్జి ముఖాన్ని తన కడుపుకు అదుముకుని, భర్తను పిలిచింది.

ప్రదీప్ తండ్రిని రెండు చేతులా ఎత్తుకున్నాడు. ఎవరూ కేక వేయలేదు. అయినా దారి పొడవునా జనం పక్కకు జరిగారు.

ఎత్తుకున్నప్పుడు ఆయన జేబులోంచి నాజిల్ జారి తడి కుర్చీలో పడింది. దాని ఇత్తడి మూతికి ఒక నీటిచుక్క, రాలకుండా, అంటుకుని ఉంది.