నా తాళంచెవి గోదారి దాటిన రోజు

నేను ఒక ఓట్ల పెట్టెని. అందులోనూ రెండు తాళాల పెట్టెని. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నా గొప్పంతా ఆ రెండో తాళంలోనే ఉంది. ఇక్కడికి వచ్చేవాళ్ళు నన్ను చూసి నగల పెట్టె అనుకుంటారు. మూత మీద సన్నటి గాటు కనిపిస్తే, ఇదేదో గుడి హుండీ అని పిల్లలకి నమ్మకంగా చెప్పిన తండ్రులూ ఉన్నారు. ఇన్నాళ్ళూ ఓపిక పట్టాను. ఇవాళ చెప్పి తీరతాను.

నేను పుట్టడం పెట్టెగా పుట్టలేదు. తాళ్ళరేవులో కట్టిన ఓడకి పక్క చెక్కని, బర్మా టేకుని. ఆ ఓడ మన మనుషుల్ని చెరకు తోటల్లో పనికని రీయూనియన్ దీవికి మోసుకెళ్ళేది. ఎక్కేముందు కాగితం మీద గీత పెట్టించుకునేవాళ్ళు. ఇష్టమేనా అని మాత్రం అడిగేవాళ్ళు కాదు. రాత్రింబవళ్ళు వాళ్ళు నాకు వీపులానించి కూర్చుని ఏడుస్తుంటే ఏమీ చెయ్యలేక ఊరుకున్నాను. ఒక తుఫానుకి ఓడ ఇసుకలో కూరుకుపోతే, దాన్ని ముక్కలు చేసి యానాం ఒడ్డున అమ్మేశారు. నాకేం బాధ కలగలేదు.

అప్పట్లో యానాం ఫ్రెంచివాళ్ళది. గోదారికి అవతలున్న ఎదుర్లంక ఇంగ్లీషువాళ్ళది. ఇద్దరూ ఎక్కడెక్కణ్ణించో వచ్చి, ఒక ఏటిని మధ్యకి పంచేసుకున్నారు. ఆ పంపకం సంగతి చేపలకి ఎవరూ చెప్పలేదు. ఇంగ్లీషు దొరలకి అవతలి ఒడ్డున ఎవర్నీ ఏదీ అడిగే అలవాటు లేదు. ఫ్రెంచి దొరలు స్వేచ్ఛ, సమానత్వం అని పెద్ద పెద్ద మాటలు పలికినవాళ్ళు, అంచేత కొంచెమైనా అడక్క తప్పలేదు. మునిసిపాలిటీ మెంబర్లను ఊళ్ళో మగవాళ్ళు ఎన్నుకోవచ్చన్నారు. గవర్నరు మాత్రం ఓడ దిగి వస్తాడు, ఆయన్ని మనం ఎన్నుకోనక్కర్లేదు. ఓటు మనది, ఊరు వాళ్ళది. ఆడవాళ్ళ సంగతి ఎవరికీ గుర్తుకే రాలేదు.

అయినా నాకు ఒకటే సంబరం. బ్రహ్మలింగం అనే వడ్రంగి నన్ను చిత్రిక పట్టి, మూలలకి ఇత్తడి రేకులు కొట్టి, పెట్టెగా బిగించాడు. మూత మీద గాటు ఏటవాలుగా కోశాడు. చీటీ లోపలికి జారాలి గాని, తలకిందులు చేసినా బయటికి రాకూడదు. ఇక తాళాలు. ఒక తాళంచెవి ఎన్నిక జరిపించే దొర దగ్గరుంటుంది, రెండోది బల్ల దగ్గర కూర్చున్న ఊరివాళ్ళలో అందరికంటే పెద్దాయన దగ్గర. ఇద్దరూ కలిస్తేనే నేను తెరుచుకుంటాను. మనుషులు ఒకరినొకరు నమ్మరన్న మాటని ఇంత మర్యాదగా చట్టంలో రాసుకున్నందుకు నాకు ముచ్చటేసింది.

నేను చెప్పబోయే ఎన్నిక ఒక ఆదివారం జరిగింది. పోటీ ఇద్దరికి. ఒకాయన తాళ్ళూరి రంగశాయి, ఊళ్ళో సారా కాంట్రాక్టు ఆయనదే. రేవు పక్కన జాలర్లు వలలు ఆరేసుకునే ఇసుక దిబ్బ ఉంది. తను గెలిస్తే అక్కడ సారా గిడ్డంగి కట్టించుకుందామని ఆయన లెక్క. ఆ దిబ్బ పోతే వలలు ఎండవు, ఎండని వల నెల తిరక్కుండా కుళ్ళిపోతుంది. అందుకే జాలర్లంతా పడవల గవర్రాజుని నిలబెట్టారు. గవర్రాజుకి ఉపన్యాసం రాదు. 'దిబ్బ మనదండి' అన్న ఒక్క మాటే ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు.

ఆ రోజు రెండో తాళంచెవి సంగాడి జోగులుకి దక్కింది. ఒకప్పుడు ఓడల మీద సరంగుగా చేసిన ముసలాయన. సముద్రం మీద తీరుబడిగా ఉన్నప్పుడు అక్షరాలు నేర్చుకున్నాడు. నిన్నటిదాకా రంగశాయి ఆయన్ని 'ఒరే సరంగూ' అనేవాడు. ఆ పొద్దున 'జోగులు గారూ, దయచేయండి' అంటూ కుర్చీ లాగి వేశాడు. ఎన్నికల రోజున మనుషులకి హఠాత్తుగా వచ్చిపడే మర్యాద చూస్తే నాకు కడుపుబ్బ నవ్వొస్తుంది.

పొద్దున్నే మునిసిపాలిటీ ఆఫీసు వరండాలో నన్ను బల్ల మీద పెట్టారు. లెబ్రె అనే కుర్ర దొర నా మూత తెరిచి, ఖాళీగా ఉన్నానని అందరికీ చూపించి, రెండు తాళాలూ వేయించాడు. మొదటి చీటీ నాలో పడ్డ క్షణం నేను మరిచిపోలేను. ఒళ్ళంతా జల్లుమంది. చేప వాసన, చుట్ట వాసన, తడి చేతుల గరుకు, అన్నీ ఆ మడతల్లోంచి నాకు తెలుస్తున్నాయి. కొందరు చీటీ వేశాక కూడా కదలరు. గాటులోకి తొంగిచూసి, పడిందా అని జోగులుని అడుగుతారు. 'పడిందయ్యా, నడు' అంటాడాయన. తన చీటీ మాత్రం జేబులోనే ఉంచుకున్నాడు. అందరిదీ అయ్యాక ఆఖర్న వేద్దామని ఆయన ముచ్చట.

మధ్యాహ్నానికి ఎండ ముదిరి జనం పలచబడ్డారు. లెబ్రె దొర భోజనానికి లేస్తూ, తన తాళంచెవి రంగశాయి చేతిలో పెట్టి వెళ్ళాడు. పెద్దమనిషి కదా అనుకున్నాడు పాపం. రంగశాయి కళ్ళు మెరిశాయి. ఆయన గుమాస్తా చంకలోని సంచీ నిండా మడిచిన చీటీలున్నాయి. అన్నింటి మీదా రంగశాయి పేరే. నాలో ఉన్నవి తీసేసి అవి నింపుతారన్నమాట.

“జోగులు గారూ, పెట్టెలో చీటీలు అడ్డం పడిపోయాయండి. మీ తాళంచెవి ఇటిస్తే ఒకసారి సర్దుదాం” అన్నాడు రంగశాయి.

జోగులు ఒకసారి నావైపు, ఒకసారి సంచీవైపు చూశాడు.

“ఆయ్, దానికేవుందండి. మొలతాడుకి కట్టుకున్నానండి, ముడి బిగుసుకుపోయింది. ఇంతమందిలో పంచె విప్పలేను కదండి. అలా పక్కకెళ్ళి ఇప్పుకొత్తాను.”

రంగశాయి సరేనన్నాడు. సభ్యత గల మనిషి, ఇంకేమంటాడు. జోగులు వరండా దిగాడు, గోడ పక్కకి వెళ్ళాడు, గోడ దాటాడు, రేవు దిగాడు. వరండా నుంచి గోదారి బారెడు కనిపిస్తుంది. ముసలాయన చిన్న పడవ ఎక్కి తెడ్డు వెయ్యడం నేను చూస్తూనే ఉన్నాను. నాకు కాళ్ళుంటే గంతులేసేదాన్ని.

సంగతి తెలిసేసరికి పడవ చాలా దూరం పోయింది. రంగశాయి సిపాయిల్ని తరమమన్నాడు. వాళ్ళు పెద్ద పడవ ఎక్కి ఆవేశంగానే బయల్దేరారు గాని, సగం ఏరు దాటాక తెడ్లు ఆపేశారు. ఫ్రెంచి యూనిఫాం వేసుకుని ఇంగ్లీషు ఒడ్డున కాలు పెడితే రెండు రాజ్యాలకి తగువు. అక్కణ్ణించే కాసేపు కేకలేసి, చెమట తుడుచుకుని వచ్చేశారు. పంచుకున్న ఏరు పేదవాడికి పనికొచ్చింది ఆ ఒక్కసారే.

ఇక నా పని పట్టారు. గుమాస్తా, ఇంకొకడూ కలిసి నన్ను తలకిందులు చేసి కుదిపారు. ఒక్క చీటీ రాల్చలేదు నేను. సన్నటి పుల్ల పెట్టి లాగారు. పుల్ల విరిగింది. సరిగ్గా అప్పుడే జోగులు భార్య నూకరత్నం అన్నం గిన్నె పట్టుకుని మెట్లెక్కింది.

“పెట్టెని అలా కుదుపుతారేటండి? అందులో మావోళ్ళ మాటుంది” అంది.

“ఆడవాళ్ళకి ఇక్కడ పనిలేదు” అన్నాడు గుమాస్తా.

“పనుందో లేదో, నేనిక్కడే కూకుంటాను.” గిన్నె పక్కన పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. చూసేవాళ్ళు ఒక్కరున్నా దొంగపనికి చెయ్యాడదు. గుమాస్తా నన్ను బల్ల మీద పెట్టేశాడు.

రంగశాయి గునపం తెమ్మన్నాడు గాని, ఈలోగా నిద్ర లేచి వచ్చిన లెబ్రె దొర ముఖం పాలిపోయింది. తన తాళంచెవి లాక్కుని జేబులో వేసుకున్నాడు. పెట్టె పగిలితే ఎన్నిక రద్దవుతుందన్నాడు. ఓట్లు ముగిసే సాయంత్రం ఆరు గంటలకి రెండో తాళంచెవి రాకపోయినా రద్దేనన్నాడు. రద్దయితే ఇన్నాళ్ళు ఇల్లిల్లూ తిరిగింది వృథా. మళ్ళీ ఎన్నిక పెట్టేలోగా రంగశాయి దిబ్బ మీద పునాది తీయించేస్తాడని జాలర్లకి తెలుసు. దాంతో ఊరంతా రేవుకి చేరింది. పొద్దున్న ఓటు వేసి ఇంటికెళ్ళినవాళ్ళు కూడా అన్నం చేత్తోనే పరిగెత్తుకొచ్చారు. అందరి చూపూ అవతలి ఒడ్డు మీదే. నేనూ అటే చూస్తున్నాను, గాటు చిన్నదైనా.

అవతల ఏం జరిగిందో తర్వాత వాళ్ళూ వీళ్ళూ చెప్పుకోగా విన్నాను. ఎదుర్లంక రేవు పాకలో జోగులు కూర్చుంటే జనం మూగారట. మొలతాడుకి ఆ తాళంచెవి ఏమిటని అడిగారు. ఆయన చెప్పాడు. ఎవరూ నమ్మలేదు.

“మిమ్మల్ని అడిగి మీకు పెద్దని పెడతారా?” అన్నాడు చిట్టెయ్య అనే పడవవాడు.

“అడుగుతారయ్యా. మనం చెప్పినదాన్ని మార్చేద్దామనీ చూత్తారు. అందుకే ఇలా వచ్చి కూకున్నాను. లెక్కెట్టే ఏళకి తిరిగెళ్ళిపోతాను.”

“మా కలెక్టరు దొర ఇంతవరకూ మమ్మల్ని ఏదీ అడగలేదండి.” చిట్టెయ్య తెడ్డు చేతిలోకి తీసుకున్నాడట. “అడగడవంటే ఎలాగుంటదో చూడాలనుందండి. నేనూ వత్తాను.”

అలా ఒకరి వెనక ఒకరు బయల్దేరారు. కాని అప్పటికి ఆటు మొదలై, నీళ్ళు పడవల్ని సముద్రంవైపు లాగేస్తున్నాయి. వరండా మీంచి చూస్తే పడవలు ఉన్నచోటే ఉన్నట్టున్నాయి. లెబ్రె దొర గడియారం తీసి చూడటం, పెట్టుకోవడం, మళ్ళీ తీయడం. చిట్టెయ్య ఇసుక తిన్నె దగ్గర నీళ్ళలోకి దూకి, జోగులు పడవని భుజంతో తోసుకుంటూ తెచ్చాడు. జోగులు రేవు మెట్లెక్కుతుండగా ఆరు గంటలు కొట్టారు. ఆ గంట ఆగేలోగా తాళంచెవి బల్ల మీద పడింది.

జనం హోరెత్తిపోయారు. నేను చెప్పాలా, నా ఇత్తడి రేకులు కూడా మోగాయి.

జోగులు రొప్పుతూనే జేబులోంచి చీటీ తీశాడు. నీళ్ళకి ఓ మూల తడిసింది. నా గాటుకి దగ్గరగా తెచ్చాడు. లెబ్రె దొర మెల్లగా తన చెయ్యి అడ్డం పెట్టాడు. గంట కొట్టేశాక ఓటు చెల్లదన్నాడు. చెడ్డవాడు కాదు, చెప్పేటప్పుడు తల వంచుకున్నాడు. అందరి ఓట్లూ కాపాడినాయన ఓటు ఒక్కటే మిగిలిపోయింది. జోగులు చీటీని మళ్ళీ జేబులో పెట్టుకుని, “కానివ్వండి, లెక్కెట్టండి” అన్నాడు. నాకు చాలా బాధేసింది.

లెక్కపెట్టారు. గవర్రాజు గెలిచాడు. దిబ్బ దక్కింది. రంగశాయి మెట్లు దిగుతూ జోగులుని “ఒరే సరంగూ, నీ సంగతి చూస్తాను” అన్నాడు. మర్యాద వచ్చినంత వేగంగానే పోయింది. దొర చీటీల కట్టలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. తాళాలు తీసిన మూతతో, ఖాళీ కడుపుతో నేను బల్ల మీద మిగిలాను. ఇంకా చీకటి పడలేదు. జనానికి ఇంటికి వెళ్ళాలని లేదు.

చిట్టెయ్య నా చుట్టూ తిరిగి చూశాడు. గాటుని వేలితో తడిమాడు.

“సరంగు గారూ, నేనోటి ఏసి చూడొచ్చాండి?”

“లెక్కలోకి రాదయ్యా.”

“తెలుసండి.”

“ఎవరికేత్తావు మరి?”

“మమ్మల్ని అడిగేవోడు ఎప్పుడో వత్తాడు కదండి. ఆడికి.”

చిట్టెయ్య దగ్గర కాగితం లేదు. చెవి మీద పెట్టుకున్న లంక పొగాకు ముక్క తీసి, చీటీలాగే మడిచి, రెండు చేతులతో నాలో వేశాడు. వేశాక కదలకుండా నిలబడ్డాడు. పడిందా అని అడిగాడు. పడిందన్నాడు జోగులు.

ఆ తర్వాత ఆగలేదు. ఎదుర్లంక నుంచి వచ్చిన ప్రతివాడూ వరసలో నిలబడ్డాడు. ఎవరూ నిలబడమనలేదు. వేపాకులు, తమలపాకు చివరలు, పంచె అంచు పోగులు. వాళ్ళ వెనక యానాం ఆడవాళ్ళు చేరారు, మొదట నవ్వుకుంటూ, తర్వాత నవ్వకుండా. వల తాళ్ళ ముక్కలు తుంచి వేశారు. ఒకామె వేసేముందు కళ్ళకద్దుకుంది. దీవులకి వెళ్ళినవాళ్ళు నాకు వీపులానించి ఏడ్చినప్పుడు తెలిసిన ఆ ఒంటి వేడే, ఇప్పుడు ఈ చేతుల్లోంచి నాకు తెలిసింది. కాని ఈసారి ఎవరూ ఏడవడం లేదు. పొద్దుటి ఎన్నికకంటే ఎక్కువ నిండాను. పట్టలేని ఆనందం నాది.

నూకరత్నం తన వంతు వచ్చాక కొంగు పోగు తెంపి వేసింది. పక్కకి జరిగి మొగుడికి చోటిచ్చింది. జోగులు ఆ తడిసిన చీటీ తీసి, పెళ్ళాం వెనక, అందరికంటే ఆఖర్న వేశాడు.

అప్పుడు నూకరత్నం దొర కుర్చీవైపు తిరిగింది. కుర్చీ ఖాళీగా ఉంది.

“ఇప్పుడు మావి లెక్కెట్టండి” అంది.

మర్నాడు ఉదయం ఊడ్చేవాడు మూత తీసి, ఆకులన్నీ పెరట్లో పారబోశాడు.

ఆ తర్వాత చాలా చూశాను. రెండు తాళంచెవులూ ఒకే జేబులో ఉన్న ఎన్నికలు చూశాను. అవతలి ఒడ్డు నుంచి ఇంగ్లీషువాళ్ళు, ఆనక ఈ ఒడ్డు నుంచి ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయారు. రెండు ఒడ్డుల మనుషులూ, ఆడా మగా, నిజంగానే వరసల్లో నిలబడ్డారు. కాని అప్పటికి ఇనప పెట్టెలొచ్చేశాయి, నన్నెవరూ పిలవలేదు. ఉక్రోషం లేదని అబద్ధం ఆడను.

ఇప్పుడు నన్ను ఒక అద్దాల గదిలో పెట్టారు. పక్కన చిన్న పలక ఉంది. ఆ ఆదివారం నాలో ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో రాశారు. ఎవరో చదువుకున్న మనిషి పాత కాగితాలన్నీ వెతికి, శ్రద్ధగా పట్టుకున్న అంకె అది. వచ్చినవాళ్ళు చదివి తలూపి వెళ్ళిపోతుంటారు.

ఆ అంకె తప్పండి. సాయంత్రంవాళ్ళని కలపలేదు.