మోరీలో మగ్గం

ముప్ఫై ఏళ్లుగా గుంత మగ్గం మీద నేస్తున్న మనిషి కిందికి చూసి కాళ్లు పెట్టదు. గులాబ్‌బీ కూడా ఆ పొద్దున గట్టు మీద కూర్చుని, అలవాటుగా కాళ్లు గుంతలోకి జార్చింది. చీలమండలు దాటి చన్నీళ్లు తగిలాయి. తొక్కుడు చెక్కలు నీళ్లలో తేలుతున్నాయి. ముందురోజు సాయంత్రం పడింది ఒట్టి ఎండాకాలపు వాన, అదీ అరగంట. ఆమె అత్త కాలంలో గానీ, ఆ అత్తకు అత్త కాలంలో గానీ ఎంత ముసురు పట్టినా ఆ గుంతలోకి చుక్క వచ్చిన పాపాన పోలేదు. మరిప్పుడెందుకు వచ్చిందంటే, దానికో కథ ఉంది.

నారాయణపేటకు ఆరు మైళ్ల దూరంలోని ఆ ఊళ్లో మగ్గాల గల్లీ అంటే పదకొండు ఇళ్లు, పదకొండు గుంతలు. సాలోళ్లూ సాయెబులూ గోడకు గోడ ఆనించి బతుకుతారు. గల్లీకి ఎగువన ఒక కుంట ఉండేది. ఎగువ నీళ్లన్నీ అందులో చేరి, నిండితే అవతలి పక్క నుంచి వాగులోకి పోయేవి. తొంభై మూడులో బాలస్వామి అనే కాంట్రాక్టరు ఆ కుంటను కొన్నాడు. కుంటను ఎవడైనా అమ్ముతాడా, ఎవడైనా కొంటాడా అని నన్నడగకండి, కొన్నాడంతే. బియ్యం మిల్లుల ఊక బూడిద లారీలకు లారీలు పోయించాడు. పైన అడుగు మందం ఎర్రమట్టి పరిపించి, హద్దురాళ్లు పాతించి, కమాను కట్టి ప్లాట్లని పేరు పెట్టాడు. ఆ ఏడాదంతా గాలి వీచినప్పుడల్లా బూడిద గల్లీ మీదే పడింది. ఆరేసిన తెల్లనూలు నల్లబడింది. గులాబ్‌బీ మొగుడు ఖాసింకు పట్టిన దగ్గు ఏ దవాఖాన మందుకూ లొంగలేదు. గల్లీ మొత్తం నోరు మూసుకుని ఓర్చుకుంది.

ఇప్పుడు గుంతలోకి నీళ్లు వచ్చాయి. గులాబ్‌బీ తడికాళ్లతోనే ఎగువకు నడిచింది. ప్లాట్ల నడుమ వాననీళ్లు పోయేందుకు రాళ్లతో కట్టిన పెద్ద మోరీ ఉంది. నక్షా ప్రకారం అది వాగు దాకా పోవాలి. దారిలో బండ అడ్డం వచ్చింది. బండ కొట్టించే తిప్పలెందుకని బాలస్వామి మోరీని ఇటు మలిపి, సరిగ్గా గల్లీ మొదట్లో వదిలేశాడు. ఆయన కమాను కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"అయ్యా, నీ మోరీ నీళ్లు నా మగ్గంలకొచ్చినయి."

"నీళ్లు పల్లానికి పోతయి గులాబ్‌బీ. పొమ్మని నేను జెప్పిన్నా?"

"వాగుకు పోవాల్సిన మోరీని గిటు మలిపినవు గద."

"గుంత తవ్వుకోని కూసునుడు మీ అలవాటు. గుంతల నిండుడు నీళ్ల అలవాటు. పూడ్చుకోని ఇంకేదన్న పని చూసుకోండ్రి" అని నవ్వాడు బాలస్వామి. పక్కనున్న వాళ్లూ నవ్వారు. ఆ నవ్వు గులాబ్‌బీకి ఒళ్లంతా కారం రాసినట్టు మండింది.

పక్కింటి కురుమయ్య నాలుగక్షరాలు వచ్చినవాడు. అర్జీ రాశాడు. పదకొండు ఇళ్ల వాళ్లూ వేలిముద్రలు వేశారు. మండలాఫీసులో ఓవర్సీరు నక్షా పరిచి, నీలిగీత మీద వేలు పెట్టాడు. "చూడుండ్రి. మోరీ సక్కగ వాగుల కలుస్తది. మీ గల్లీకి దీనికి సంబంధమే లేదు."

"సార్, గా నక్షా జర మా గల్లీకి తీస్కరా. నీళ్లకు సదివి వినిపియ్యి" అంది గులాబ్‌బీ. ఓవర్సీరుకు కోపం వచ్చి నక్షా చుట్టేశాడు.

మిరుగానికి, అంటే తొలకరి కార్తెకు, ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. అరగంట వానకే చీలమండ లోతు నీళ్లొస్తే, మిరుగం ముసురుకు గుంతల మట్టి గోడలు కూలుతాయి. గుంతతో మగ్గం పోతుంది, మగ్గంతో ఇల్లు పోతుంది. అప్పుడు ఆ గల్లీ వాళ్లకు మిగిలేది కూలికి వలసపోయే బొంబాయి బస్సు. పాలమూరు వాళ్లకు ఆ బస్సు సంగతి చెప్పక్కర్లేదు. గులాబ్‌బీ తమ్ముడు బషీర్ ఎక్కి ఏడేళ్లయింది, ఇంతవరకూ మళ్లీ మొహం చూపించలేదు.

ముందు అందరూ కలిసి గోనెసంచుల్లో మట్టి నింపి, గల్లీ మొదట్లో మోరీ మూతిని గట్టిగా మూసేశారు. సంగతి తెలిసి బాలస్వామి ఇంకోసారి నవ్వాడు. "ఉండనియ్యి. ఆదివారం మోరీ మీద బండలు పరిపిస్త, సోమవారం గా మూటలు ఎత్తిపిస్త. ఎవడు అడ్డమొస్తడో చూస్త" అన్నాడు.

శనివారం మధ్యాహ్నం ఖాసిం చూసేసరికి గులాబ్‌బీ కమాను దగ్గర మోరీలో దిగి, చేతులతో మూరలు వేస్తోంది.

"ఏం కొలుస్తున్నవే?"

"మన గుంతంత లోతుంది. మన గుంతంత వెడల్పుంది. నా కోసమే కట్టిచ్చినట్టుంది."

"అయితె?"

"వాని నీళ్లు నా గుంతలకొచ్చినయి గద. నా మగ్గం వాని గుంతలకు పోతది."

"నీకు దిమాక్ ఖరాబైంది" అన్నాడు ఖాసిం. దగ్గు తెర ఆగేదాకా గోడకు ఆనుకున్నాడు. తర్వాత ఇంట్లోకి పోయి గడ్డపార తెచ్చి, తనే ముందు నడిచాడు.

ఆదివారం పొద్దెక్కేసరికి కమాను ఎదురుగా మోరీలో మగ్గం నిలబడింది. సగం నేసిన పసుపుచీర, ఎర్రటి అంచు. పడుగు నూలు మోరీ పొడుగునా ముందుకు సాగి ఉంది. గులాబ్‌బీ మోరీ గట్టు మీద కూర్చుని, లోపలికి కాళ్లు జార్చి, దర్జాగా నేస్తోంది. బండలు పరచడానికి వచ్చిన కూలీలు ఉన్నచోటే ఆగిపోయారు. పరిచిన పడుగును దాటితే, తెంపితే వంశం తెగుతుందని అక్కడివాళ్ల నమ్మకం. మేస్త్రి మైసయ్య గడ్డపార కింద పడేసి బీడీ ముట్టించాడు.

"మైసయ్యా, పీకి అవుతల పారెయ్యి దాన్ని" అన్నాడు బాలస్వామి.

"పడుగుంది గద సేటు."

"ఉంటేంది?"

"నాకు పిల్లలున్నరు సేటు."

బాలస్వామి గడియారం చూసుకున్నాడు. పదకొండింటికి ప్లాట్లు చూసేందుకు మహబూబ్‌నగర్ నుంచి బస్సు నిండా జనం వస్తున్నారు. కమాను కిందే ఈ భాగోతం. ఆయన కళ్లు ప్లాట్లలోని నీళ్ల ట్యాంకు మీద పడ్డాయి. కొనేవాళ్లకు చూపించడానికి అన్నిటికంటే ముందు కట్టించింది అదే. నిండా నీళ్లున్నాయి. ఎవరికీ చెప్పకుండా తనే పోయి, దాని కింది వాల్వు మోరీలోకి తిప్పాడు.

నీళ్లు గలగలా వచ్చి గులాబ్‌బీ పిక్కలకు కొట్టుకున్నాయి. చూస్తుండగానే మోకాళ్లకు వచ్చాయి.

"లెవ్వవే గులాబ్" అన్నాడు ఖాసిం, గట్టు మీద నుంచి చెయ్యి చాచి.

"లేస్తె మళ్ల కూసోనియ్యడు."

ఆమెకు భయం వేయలేదంటే అబద్ధం చెప్పినట్టే. నూలు తోసే నాడె చేతిలోంచి రెండుసార్లు జారింది. ఇక్కడ మునిగినా ఒకటే, ఇంట్లో మునిగినా ఒకటే అనుకుంది, అంతే. నాడెను ఈ పక్క నుంచి ఆ పక్కకు తోసింది, ఆ పక్క నుంచి ఈ పక్కకు తోసింది. తొక్కుడు చెక్కలు కాళ్ల కింద బరువుగా లేచి పడుతున్నాయి.

కోపంలో ఉన్న మనిషికి మూతి మూసిన మోరీ సంగతి గుర్తుండదు. నీళ్లు గోనెసంచుల దాకా పోయి, దారిలేక వెనక్కి ఎగదన్నాయి. పక్కలనున్న బూడిద కలిసి నల్లబడ్డ నీళ్లతో మోరీ పొర్లింది. గులాబ్‌బీ ఒళ్లో చుట్టిన చీరను తడిపి, రెండు పక్కలా ప్లాట్లలోకి పారింది. పైనున్న ఎర్రమట్టి కరిగిపోయింది. కింది బూడిద ఎన్నాళ్ల దాహమో అన్నట్టు నీళ్లు తాగి కుంగడం మొదలుపెట్టింది. హద్దురాళ్లు ఒక్కొక్కటే పక్కకు ఒరిగాయి. బాలస్వామి వాల్వు కట్టేయడానికి పరుగెత్తేలోపే బస్సు వచ్చి ఆగింది.

బస్సులోంచి పంతుళ్లు, గుమాస్తాలు, వాళ్ల ఇల్లాళ్లు ముప్ఫైమంది దాకా దిగారు. ఐలేశం అనే పంతులు తన ప్లాటు నెంబరు వెతుక్కుంటూ అడుగు వేశాడు. కాలు మోకాలి దాకా దిగబడింది. ఇద్దరు పట్టి లాగితే కాలు నల్లగా బయటికి వచ్చింది, చెప్పు లోపలే ఉండిపోయింది.

"ఏంది బాలస్వామీ గిది? గిది జాగానా, ఊబినా?"

"గీ మగ్గపోళ్లు మోరీకి మూటలడ్డం పెట్టిండ్రు సారూ. అవి తీసిపారేస్తె నిమిషంల నీళ్లన్నీ పోతయి."

"ఏడికి పోతయి?"

ఆ ప్రశ్నకు జవాబు మోరీలోంచి వచ్చింది. "మా ఇండ్లల్లకు సారూ. మా ఇండ్లు మునుగుతెనే మీ ఇండ్లు ఎండుతయి. గట్ల కట్టిండు మోరీ. వాగు గా బండ అవుతల ఉంది, రెండొందల గజాలు. మీరే పోయి చూసి రాండ్రి."

ఐలేశం ఒంటి చెప్పుతోనే పోయి చూశాడు. అతని వెనక పదిమంది పోయారు. తిరిగి వచ్చాక ఐలేశం బాలస్వామి ముందు నిలబడ్డాడు. "మాకు చూపించిన నక్షల మోరీ వాగు దాక ఉండె. వాగు దాక పోయినంకనే మా సంతకాలు. గీ బూడిద తోడేసి మొరం పోసినంకనే మా ఇండ్లు" అన్నాడు. మిగతావాళ్లూ బస్సెక్కి కూర్చున్నారు.

బస్సు పోయింది. బాలస్వామి మోరీ గట్టు దాకా వచ్చాడు. ఆయన గొంతు మారింది.

"అమ్మా, ఇగ లెవ్వు. తవ్విపిస్త."

"తవ్వు. మోరీ వాగుల పడ్డనాడు లేస్త."

"నా మాట మీద నమ్మకం లేదా?"

"నీ మాట సుత పల్లానికే పోతది బాలస్వామీ" అంది గులాబ్‌బీ, నాడె ఆపకుండా.

తొమ్మిది రోజులు బండ కొట్టారు. తొమ్మిది రోజులూ ఆమె తాటాకు నీడ కింద మోరీలోనే నేసింది. రోజూ ఒక ఇంటి వాళ్లు గంజో, సంగటో తెచ్చి దగ్గరుండి పెట్టారు. మోరీ వాగులో కలిసిన నాడు చీర కూడా పూర్తయింది. నారాయణపేట వ్యాపారి గుర్వయ్య విప్పి చూసి, కొంగు మీద జానెడు వెడల్పున్న నల్లటి బూడిద మరకను వేలితో గీకి, తల అడ్డంగా ఊపి చీర వెనక్కి ఇచ్చాడు.

మోరీ ప్రారంభోత్సవానికి షామియానా వేశారు. ఎవరో పెద్దమనిషి కొబ్బరికాయ కొట్టాడు. గులాబ్‌బీ ముందు వరసలో, మధ్య కుర్చీలో కూర్చుంది. ముప్ఫై ఏళ్లు నారాయణపేట చీరలు నేసి, మొదటిసారి ఒకటి కట్టుకుంది. పక్కన కూర్చున్న కురుమయ్య భార్య బిక్షమ్మ కొంగు పట్టి చూసింది.

"అక్కా, కుంకుడుకాయ పెట్టి ఉతికితె మరక పోతుండె గద."

"పోతదనే ఉతకలే."

మైకులో బాలస్వామి మొదలుపెట్టాడు. పేదల కష్టం చూడలేక, తనే ఆలోచించి, తనే బండ కొట్టించి మోరీని వాగు దాకా తీసుకుపోయానని చెబుతున్నాడు. గులాబ్‌బీ కొంగు ముందుకు లాగి, మరక ఆయనకు ఎదురుగా వచ్చేలా ఒళ్లో పరుచుకుంది.