మంత్రిగారి వంటావార్పు

జనగామ కోర్టులో ఏళ్ల తరబడి నల్లకోటు తొడిగిన వకీలు యుగేందర్ న్యాయశాఖ మంత్రి అయ్యాడు. కుర్చీ ఇంకా వేడెక్కనే లేదు, తెలంగాణ ఉద్యమం వచ్చి ఆయన గుమ్మంలో కూర్చుంది. రాజీనామా చేయమని ఊళ్లకు ఊళ్లు అడుగుతున్నాయి. ఆయనకేమో పదవంటే ప్రాణం. దానికోసం ఎన్ని గడపలెక్కి దిగాడో ఆయనకే తెలుసు. అందుకని కోర్టు అలవాటు కొద్దీ జనాన్నే వాయిదాలు అడిగాడు. పండగ వెళ్లనివ్వమన్నాడు, అసెంబ్లీ ముగియనివ్వమన్నాడు, చివరికి పన్ను నొప్పి అన్నాడు.

విసిగిపోయిన జనం ఆయన ఇంటి ముందే వంటావార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వండుకుని, అక్కడే బంతి కూర్చుని తినడం ఆ రోజుల్లో సర్కారు మీద నిరసన. నర్మెట్ట నుంచి అంజమ్మ కూడా వచ్చి గరిటె పట్టింది. పోయిందనుకున్న ఆమె భూమిని కోర్టులో గెలిచి ఇప్పించింది యుగేందరే. అప్పటి నుంచి ఆయన ఆమెకు కొడుకు కంటే ఎక్కువ.

మంత్రిగారి వంటమనిషి కూడా పొద్దున్నే ఉద్యమంలోకి దూకాడు. మధ్యాహ్నం దాటేసరికి మంత్రిగారి కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. కిటికీలోంచి వంకాయ కూర వాసన. జనంతో కలిసి రెండు ముద్దలు తింటే వాళ్ల కోపమూ చల్లారుతుంది, ఇంకో వాయిదా కూడా దొరుకుతుందనుకున్నాడు మహానుభావుడు. చొక్కా చేతులు మడిచి, నవ్వుతూ వెళ్లి బంతిలో కూర్చున్నాడు.

వంటావార్పులో తిన్నవాడు నిరసనలో చేరినవాడేనని మొదటి ముద్ద మింగాక గానీ గుర్తుకు రాలేదు. అప్పటికే డప్పులు మోగాయి. సర్కారు మీద మంత్రి తిరగబడ్డాడని టీవీలు ఊదరగొడుతున్నాయి.

అంజమ్మ ఆయన విస్తరిలో అన్నం పెడుతూ కళ్లు తుడుచుకుంది.

"అందరు నువ్వు అమ్ముడువోయినవన్నరు బిడ్డా. నేనొక్కదాన్నే కాదని కొట్లాడిన. ఇయ్యాల నా మాట నిలవెట్టినవ్."

యుగేందర్‌కు సిగ్గేసింది. తను వచ్చింది ఆకలికీ, ఇంకో వాయిదాకీ. ఇంతలో గన్‌మన్ ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ముఖ్యమంత్రిగారి ఆఫీసు నుంచట, మంత్రిగారిని వెంటనే మాట్లాడమంటున్నారట.

యుగేందర్ అంజమ్మ ముఖంలోకి చూశాడు. చెయ్యి కడుక్కోలేదు.

"మంత్రి లేడని చెప్పు," అన్నాడు. "వకీలు యుగేందర్ ఉన్నడు. బువ్వ తింటున్నడు."