వెనక్కి కట్టిన పెట్టెలు

షోరూంలో పికప్పులు మూడున్నా నాన్న చూపు మాత్రం ఒక్కదాన్ని వదిలి కదలడం లేదు. అది అన్నిట్లోకీ పెద్దది. పక్కన నిలబడితే మనిషి తల దాని పైకప్పు దాకా కూడా రాదు. కందిరీగ మాత్రం మూలనున్న చిన్నదాని చుట్టూ తిరుగుతోంది. అదీ ఫోర్ వీల్ డ్రైవే. డీజిలు తక్కువ తాగుతుందని పేరు. తేలికపాటి ట్రాలీ తగిలించుకోవడానికి వెనక కొక్కెం కూడా కంపెనీవాళ్ళే బిగించి ఇస్తారు.

కందిరీగ ఆమె అసలు పేరు కాదు లెండి. తేనెటీగలు పెంచే ఇంట్లో పుట్టి, మాట మాటకీ కుడుతుందని చిన్నప్పుడు నాన్నే పెట్టిన పేరు. ఎంత పెరిగినా పేరు వదల్లేదు, కుట్టడమూ మానలేదు.

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకు నాన్నా? మనం లాగేది తేనెపెట్టెల ట్రాలీ, రైలుపెట్టె కాదు."

"నీకేం తెలుసే! బరువు లాగాలంటే బండిక్కూడా బరువుండాలి."

"ఏనుగుని కొనగానే సరా? మేపొద్దూ? పూత ఉన్నన్నాళ్ళూ రోజూ కొండెక్కి దిగాలి. ఇది తాగే డీజిలుకి మన తేనంతా పోసినా చాలదు."

షోరూం మేనేజరు నవ్వాడు. టై కట్టుకున్న నడివయసు మనిషి, తగువుల మధ్య బండ్లు అమ్మి అమ్మి ఆరితేరినవాడు. తండ్రీకూతుళ్ళిద్దర్నీ వదిలేసి, వెనకగా చేతులు కట్టుకుని నిలబడ్డ కందిరీగ మొగుడి వైపు తిరిగాడు.

"నడిపేది మీరే కదా సార్? మీకేది నచ్చిందో చెప్పండి, గొడవే ఉండదు."

అంతే. అప్పటిదాకా గలగలా మాట్లాడుతున్న కందిరీగ నోరు మూతపడింది. నాన్న పెద్దబండి తలుపు దభాలున వేశాడు.

"అతను నడపడు. ఏదైనా ఉంటే నన్నడగండి."

మొగుడు నేలకేసి చూశాడు. పాపం, ఆ మేనేజరుకేం తెలుసు!

తెలిసినవాళ్ళకి మాత్రం అది రోజూ ఉండే బాధే. పోయిన పూత కాలంలో, పాత పికప్పుకి ట్రాలీ తగిలించుకుని కొండ దిగుతుండగా, ట్రాలీ ఉన్నట్టుండి అటూ ఇటూ కొట్టుకుని బండిని లాక్కుపోయి గట్టుకి కొట్టి బోల్తా పడేసింది. నడుపుతున్నది మొగుడు. పక్క సీట్లో ఉన్నది కందిరీగ తమ్ముడు. మొగుడి ఒంటి మీద చిన్న గీత కూడా పడలేదు, అదే అతని ఖర్మ. తమ్ముడి మోకాలు నుజ్జయింది. ఆ రోజు ఆస్పత్రి వరండాలో మొగుడు వణుకుతూ, "ట్రాలీ లాగేసింది మామయ్యా, నా చేతుల్లో లేదు" అన్నాడు. నాన్న మొహం కూడా చూడకుండా, "ఆడలేక మద్దెల ఓడన్నాడట" అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నాన్న నోట 'అల్లుడూ' అన్న పిలుపు రాలేదు. ఏం కావాలన్నా "మీ ఆయన్ని ఆ తాడు అందుకోమను", "మీ ఆయన్ని తప్పుకోమను" అని కూతురితోనే చెప్పేవాడు, మధ్యలో గోడ ఉన్నట్టు. మొగుడు మళ్ళీ స్టీరింగు ముట్టలేదు. కిందటి వారం బట్టలు మడతపెడుతూ నెమ్మదిగా చెప్పాడు.

"బండి కొనేదాకా ఉంటాను. తర్వాత వేరే ఊళ్ళో గోడౌను పని చూసుకుంటా. నువ్వు ఇక్కడే ఉంటానంటే నేనేమీ అనుకోను."

"బాగుంది! ఇక నాన్న కావాలో మొగుడు కావాలో నేను చీటీలు వేసుకోవాలా?" అని కసిరింది గానీ, పెరట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఇదీ సంగతి. షోరూంలో పైకి బండి బేరం నడుస్తోంది గానీ కందిరీగ లోపల నడుస్తున్నది ఆమె సంసారం.

మేనేజరు మధ్యేమార్గం చెప్పాడు. చిన్నబండిని ఒక పూట తీసుకెళ్ళి, సొంత ట్రాలీ తగిలించి, సొంత కొండ ఎక్కించి చూసుకోమన్నాడు. తనూ వస్తానన్నాడు. కొండ మీది పైతోటలో పూత అయిపోయింది, అక్కడున్న డజను పెట్టెల్ని ఎలాగూ కిందికి దింపాలి. మర్నాడు పొద్దున్నే ముసురు పట్టింది. ముసురులో తేనెటీగ గూడు దాటదు కాబట్టి, పెట్టెలు కదపడానికి అంతకంటే మంచి పూట దొరకదు.

కందిరీగ స్టీరింగు పట్టింది. పక్కన మేనేజరు. వెనక సీట్లో చెరో కిటికీకి నాన్న, మొగుడు. ఆ ఇద్దరి మధ్య ఇంకో మనిషి పట్టేంత చోటు.

ఖాళీ ట్రాలీతో బండి కొండెక్కుతుంటే ఇంజను గట్టిగా అరవను కూడా అరవలేదు. తోట ముందు మట్టిదారి వానకి పేస్టులా అయిపోయి ఉంది. పాతబండి ఏటా కూరుకుపోయే చోటు అది. మేనేజరు చెప్పినట్టు కందిరీగ గుండ్రటి మీట తిప్పింది. నాలుగు చక్రాలూ కలిసి పట్టు పట్టాయి. బండి కొంచెం ఒళ్ళు విరుచుకుని, బురద చిమ్ముకుంటూ గట్టెక్కేసింది.

"చూశావా నాన్నా!" కందిరీగ చిన్నపిల్లలా అరిచింది.

"ఎక్కడానికేం, ఏ బండైనా ఎక్కుతుంది. దిగేటప్పుడు తెలుస్తుంది దాని బతుకు" అన్నాడు నాన్న.

పెట్టెలు ఎక్కించడం మొదలైంది. ఆ ఇంట్లో దీనికో పద్ధతుంది. పెట్టెలు ఎన్నున్నా సరే, ట్రాలీలో బాగా వెనక్కి, చిట్టచివర కట్టాలి. ముందుభాగం ఖాళీగా వదిలేయాలి. నాన్న లారీ మీద పెట్టెలు తిప్పే వయసులో ఒకసారి మూత ఊడి, ఈగలు క్యాబిన్లోకి దూరి డ్రైవరు మొహమంతా కుట్టేశాయట. 'ఈగకి డ్రైవరు వాసన తగలకూడదు' అన్నది అప్పుడు పుట్టిన నియమం. లారీ పోయి పికప్పూ ట్రాలీ వచ్చాయి, నియమం మాత్రం పోలేదు. పెద్దవాళ్ళ మాటని దాటడం ఆ ఇంట్లో లేదు.

మొగుడు పెట్టె మోసుకొస్తూ ఆగాడు. ఎన్నాళ్ళ తర్వాతో నేరుగా మాట్లాడాడు. "మామయ్యా, ఒక్క రెండు వరసలు ముందుకి జరిపితే..."

నాన్న తాడు బిగిస్తూ కూతురితో అన్నాడు. "బండి బోల్తా కొట్టించినవాళ్ళ దగ్గర పెట్టెలు కట్టడం నేర్చుకునే ఖర్మ నాకింకా పట్టలేదని చెప్పు మీ ఆయనకి."

మేనేజరు ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు. కందిరీగకి ఒళ్ళు మండిపోయింది. నోరు తెరిచేలోపు మొగుడు పక్కకొచ్చి, "వదిలెయ్. దిగేటప్పుడు మాత్రం నెమ్మదిగా పోనీ. ఎంత నెమ్మదైతే అంత" అన్నాడు. అతని పెదాలు పాలిపోయి ఉన్నాయి. చలికేమో అనుకుంది.

దిగడం మొదలైంది. మొదటి మలుపులు బాగానే గడిచాయి. ఆ తర్వాత రోడ్డు తిన్నగా, పొడుగ్గా, కిందికి జారుతున్నట్టుంటుంది. పోయినేడు జరిగింది అక్కడే. కందిరీగ గట్టు మీది విరిగిన రాయిని చూడకూడదనుకుంటూనే చూసింది. ఆ ఒక్క క్షణంలో బండి కాస్త వేగం పుంజుకుంది.

ముందు సీటు కింద చిన్న కుదుపు. తర్వాత బండి తోకని ఎవరో పట్టుకుని ఊపినట్టు ఇటొక ఊపు. అటొకటి. అద్దంలో ట్రాలీ కుడివైపు కనబడింది, మాయమైంది, ఎడమవైపు కనబడింది. స్టీరింగు చేతుల్లో తేలిపోతోంది. కందిరీగ పైప్రాణాలు పైనే పోయాయి.

"బ్రేకు తొక్కవే! బ్రేకు!" నాన్న గావుకేక.

"తొక్కకు!" అది మొగుడి గొంతు. అన్నాళ్ళుగా గుసగుసలా మిగిలిన గొంతు ఒక్కసారిగా బండంతా నిండింది. "బ్రేకు జోలికి పోకు! యాక్సిలేటరు మీంచి కాలు తియ్యి అంతే. స్టీరింగు తిప్పకు, తిన్నగా పట్టుకో. తిన్నగా!"

"బ్రేకు తొక్కమంటుంటే!"

కాలు బ్రేకు మీదికి వెళ్ళింది. పుట్టినప్పటినుంచీ విన్న గొంతు తొక్కమంటోంది. బండిని బోల్తా కొట్టించిన మనిషి వద్దంటున్నాడు. కందిరీగ కాలు వెనక్కి తీసేసుకుంది. స్టీరింగుని రెండు చేతులా బిగబట్టింది. ఇంకో ఊపు, మేనేజరు "అమ్మో" అన్నాడు. మరొకటి, కాస్త చిన్నది. ఆ తర్వాత వేగం తగ్గి, ట్రాలీ కొట్టుకోవడం మానేసి, బండి రోడ్డు పక్క వెడల్పు చోట నిలబడింది.

ముందు తేరుకున్నది నాన్నే. "నేను ముందే చెప్పాను. ఇది తేలిక బండి. ట్రాలీకి ఆగదు. పెద్దది తీసుకోవాల్సిందే."

కందిరీగ వెనక్కి తిరిగింది. "ఓహో! ఆయన నడిపితే డ్రైవరుది తప్పు, నేను నడిపితే బండిది తప్పూనా? ఇప్పుడెవరు నాన్నా మద్దెల ఓడంటున్నది?"

నాన్న తలుపు తీశాడు. దిగి ట్రాలీ వైపు నడిచాడు.

వెనక తలుపు గొళ్ళెం ఊడి వేలాడుతోంది. చివరి వరస పెట్టెలు రెండు సగం బయటికి జారి ఉన్నాయి. లోపల ఈగలు రొద పెడుతున్నాయి. తలుపు ఆగదు కాబట్టి వెనక కట్టే దారి లేదు. ఇష్టమున్నా లేకపోయినా పెట్టెలన్నీ ముందుకి జరపాల్సిందే. వానలో తడుస్తూ నలుగురూ జరిపారు. పాపం మేనేజరు టై జేబులో పెట్టుకుని మరీ పట్టాడు. ఇరుసు మీదికి, దానికి కాస్త ముందుకి, దగ్గర దగ్గరగా పేర్చి తాళ్ళు బిగించారు. నాన్న గొణుగుతూనే ఉన్నాడు.

బండి మళ్ళీ కదిలింది. స్టీరింగు పట్టుకోగానే కందిరీగకి తేడా తెలిసింది. ఇందాక గాల్లో తేలిన బండి వెనకభాగం ఇప్పుడు రోడ్డుని అదిమి పట్టింది. ట్రాలీ దూడలా వెంట వస్తోంది. ఇంకో తిన్నటి దిగుడు వచ్చింది. ఆమె కావాలనే వేగం పెంచింది.

"మేడం, వద్దండీ" అన్నాడు మేనేజరు తలుపు పట్టుకుని.

ఇందాకటి వేగం వచ్చింది. దాన్నీ దాటింది. ట్రాలీ చెక్కుచెదరలేదు.

అదే బండి. అదే కొండ. అవే పెట్టెలు. మారిందల్లా చోటు. వెనక బరువు వేలాడితే ట్రాలీ మూతి లేచి బండి తోకని పైకెత్తుతుంది, తక్కెడలో ఒక సిబ్బి దిగితే రెండోది లేచినట్టు. అప్పుడింక రోడ్డు మీద పట్టెక్కడిది! పోయినేడు కూడా పెట్టెలు వెనకే కట్టారు. కట్టింది నాన్న.

ఒక్క మాట చాలు, మొగుడి నెత్తి మీది బరువు దిగిపోతుంది. కానీ ఆ ఒక్క మాటతోనే నాన్నకి, కన్నకొడుకు కాలు విరగ్గొట్టింది తన చేతులేనని తెలిసిపోతుంది. కందిరీగ అద్దంలోకి చూసింది. మొగుడు ఆమెనే చూస్తున్నాడు. తల అడ్డంగా ఊపాడు. వద్దు.

అతనికి ముందే అనుమానం ఉందన్నమాట! ఉండి కూడా, ఇల్లొదిలి పోవడానికి బట్టలు సర్దుకున్నాడు గానీ నోరు విప్పలేదు. ఆమెకి కోపమొచ్చింది, అతన్ని కావలించుకోవాలనీ అనిపించింది. కళ్ళు మసకబారితే మోచేత్తో తుడుచుకుని రోడ్డు చూసింది.

నాన్న తల వెనక్కి తిప్పి, వెనక కిటికీ అద్దంలోంచి ట్రాలీని చూస్తున్నాడు. కొండ దిగేదాకా తల ఇటు తిప్పలేదు.

తమ తేనె దుకాణం ముందు బండి ఆగగానే తమ్ముడు కర్ర టకటకలాడిస్తూ బయటికొచ్చాడు. వాడికి ఎప్పుడూ వేళాకోళమే. "ఏం కందిరీగక్కా, బండిని కుట్టి చంపావా, బతకనిచ్చావా?"

నాన్న దిగాడు. ట్రాలీ ముందు వరసలో పెట్టె మీద చెయ్యి వేసి, వానలో అలాగే నిలబడ్డాడు. తర్వాత కొడుకు దగ్గరికి నడిచాడు. వాడి కర్ర మీద, వాడి చెయ్యి మీద తన చెయ్యి వేశాడు.

"నీ కాలు విరగ్గొట్టింది మీ బావ కాదురా." "పెట్టెలు కట్టింది నేను."

తమ్ముడికి ముందు అర్థం కాలేదు. అక్క మొహం చూశాడు, బావ మొహం చూశాడు. అర్థమైంది. వేళాకోళం ఎక్కడికో పోయింది. "నాన్నా, తడుస్తున్నావు. లోపలికి రా" అన్నాడు, అంతే.

నాన్న కదల్లేదు. మేనేజరు ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు. ఎటూ తోచక తనకు వచ్చిన మాటే అడిగాడు. "మరి ఏ బండి ఖాయం చేయమంటారు సార్? పెద్దదా, చిన్నదా?"

"నన్నడక్కండి." నాన్న కందిరీగ చేతిలోంచి తాళం తీసుకున్నాడు. బండికి అవతల నిలబడ్డ మనిషి దగ్గరికి చుట్టూ తిరిగి వెళ్ళాడు. మొహంలోకి చూశాడు.

"నడిపేవాడు నువ్వు. ఏది కొనాలో చెప్పు అల్లుడూ."

మొగుడు తాళం అందుకున్నాడు. చిన్నబండి వైపు చెయ్యి చూపించి, అక్కడే నిలబడి పసివాడిలా ఏడ్చేశాడు.